చుట్టూ దావ వెయ్యాలనుకున్నాను

చెరువుకు చుట్టూ నడిచే దారి ఉండి తీరాలని పట్టుబట్టిన మనిషిని నేను. అది తెలివితక్కువ పని. దానివల్ల ఒక కౌలురైతు వేరుశనగ చేను ఇసక మేటల కింద పోయింది. వాన కోసం ఏడాదంతా ఎదురుచూసిన చెరువులోకి రావాల్సిన నీళ్లు కొన్ని పక్కదారి పట్టాయి. ఈ రెండింటికీ కారణం నేనేనని మా ఊళ్లో అందరికీ తెలుసు. బయటివాళ్లకు కూడా తెలియాలని రాస్తున్నాను. చెరువుల దగ్గర వాకింగ్ ట్రాకులు వెయ్యాలనే ఉత్సాహం ఇప్పుడు చిన్న ఊళ్ల దాకా వచ్చింది. ఆ ఉత్సాహం ఎక్కువగా నాలాంటివాళ్లకే ఉంటుంది. ఉద్యోగం చేసి రిటైరై, రోజూ కాసేపు నడవమని డాక్టరు చెప్తే చెరువు వైపు చూసేవాళ్లకు.

మా అత్తగారి ఊరు ఏర్పేడు మండలంలోది. ఊరి పేరు రాయను, రాస్తే ఆ కౌలురైతు ఎవరో తెలిసిపోతుంది. ఏర్పేడు రేణిగుంటకూ శ్రీకాళహస్తికీ నడుమ ఉంది. స్వర్ణముఖి ఈ మండలం మీదుగానే కాళహస్తికి పోతుంది. గుడిమల్లం పరశురామేశ్వరుడి గుడి, గాజు పూసలు చేసే పాపానాయుడుపేట, మొన్నటిదాకా బయటివాళ్లకు మా మండలం గురించి ఏమైనా తెలిస్తే ఇవే తెలిసేవి. 2015లో తిరుపతికి వచ్చిన ఐఐటీ, ఐసర్ రెండూ తమ శాశ్వత క్యాంపసులను ఇక్కడే కట్టుకున్నాయి. దాంతో రోడ్డు పక్క పొలాల్లో లేఔట్ల రాళ్లు లేచాయి, తిరుపతి మా వైపు జరుగుతూ వచ్చింది. 2022లో, తిరుపతి కొత్త జిల్లా అయిన ఏడాది, బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై నేనూ నా భార్యా ఆ ఊళ్లో ఇల్లు కట్టుకున్నాం.

చెరువు కట్ట మీద నడక మొదటివారంలోనే అలవాటైంది. కట్ట ఊరి పక్కన మొదలై వంపు తిరిగి అవతల ఒక గుట్టను ఆనుకుంటుంది. పైన ఎడ్లబండి పోయేంత వెడల్పు. లోపలివైపు రాతి పరుపు, బయటివైపు గడ్డి, ఆ కింద మళ్లు. ఎక్కడా ఎత్తు ఎక్కేది లేదు, దిగేది లేదు. మోకాళ్ల నొప్పులున్న నా భార్య కూడా మధ్యలో ఒకసారి కూర్చుని అటు చివరిదాకా వచ్చేది. పొద్దున్నే వెళితే పడమటి దిక్కున శేషాచలం కొండలు తేటగా కనిపిస్తాయి. చెరువు నిండుగా ఉన్న రోజుల్లో నీటికాకులు మునిగి ఎక్కడో దూరాన తేలుతాయి, తర్వాత తూము రాతి మీద కూర్చుని రెక్కలు చాచి ఆరబెట్టుకుంటాయి. కట్ట కింద మళ్లలో నత్తగుల్ల కొంగలు తిరుగుతాయి. వాటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. బురదలోంచి నత్తను పైకి తీసి, గుల్లను పగలగొట్టకుండానే లోపలి మాంసాన్ని లాగేస్తాయి. ఆ పని చూడడానికి నేను చాలాసార్లు నడక ఆపేశాను.

కట్ట అటు చివర మొరవ ఉంది. చెరువు నిండినాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతి కట్టడాన్ని మా వైపు మొరవ అంటారు. అక్కడికి వచ్చేసరికి దారి అయిపోతుంది. వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఆ వెనక్కి తిరగడం నాకు నచ్చలేదు.

మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడల్లా చెరువుల దగ్గర నడిచేవాణ్ణి. 1882లో కల్నల్ రిచర్డ్ సాంకీ ఊరికి నీళ్లివ్వడానికి కట్టించిన సాంకీ ట్యాంకు దగ్గరికీ వెళ్లాం, వాళ్ల కాలనీ పక్కనున్న చిన్న చెరువు దగ్గరికీ వెళ్లాం. ఎక్కడ చూసినా చెరువు చుట్టూ శుభ్రమైన బాట, బెంచీలు, కంచె, గేటు. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వచ్చి ఆగుతాం. హైదరాబాదు దుర్గం చెరువు దగ్గరా అలాంటి నడకే చూశాను. చెరువంటే అలా ఉండాలని నా మనసులో ముద్రపడింది. బెంగళూరు చెరువుల్లో చాలావాటికి ఒకప్పుడు ఒకవైపే కట్ట ఉండేది. ఊరు పెరిగి, ఆయకట్టు ఇళ్ల కింద పోయాక, మిగిలిన చెరువుకు చుట్టూ గట్టు పోసి దాని మీద బాట వేశారు. అలా గట్టు పోస్తే వాననీళ్లు లోపలికి వచ్చే దారులు మూసుకుపోతాయని అక్కడి పర్యావరణ కార్యకర్తలు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఆ సంగతి పేపర్లలో వచ్చేది. నేను ఆ పేజీ చదవలేదు, నడక మాత్రం నడిచాను.

తిరిగొచ్చాక ఫోన్లో మ్యాపు తెరిచాను. మా చెరువు నీలం రంగులో కనిపించింది. దాని అంచు వెంట వేలితో గీత గీశాను. కట్ట మీద ఇంత దూరం, అవతలి పొలాల పక్కగా ఇంత దూరం, మళ్లీ ఊరి దగ్గరికి. గుట్ట ఎక్కే పని లేదు, ముసలివాళ్లూ పిల్లలూ నడవగల సులువైన దారి. మ్యాపులో ఆ నీలం అంచు ఏ నెలదని అప్పుడు నాకు తోచలేదు. నవంబరులో అది వంక మీది చేల దాకా వస్తుంది. మార్చికి కట్ట వైపు జరిగిపోతుంది. మే నెలలో తూము ముందర ఒక గుంటలో తప్ప నీళ్లుండవు. మా చెరువుకు ఒడ్డు ఉన్నది కట్టవైపు మాత్రమే. మిగతా మూడువైపులా వాలు నేల ఉంది, నీళ్లు ఆ నేల మీద కొన్ని నెలలు ఉండి పోతాయి. లేని ఒడ్డు మీద నేను దారి గీశాను.

2023లో వానలు ముఖం చాటేశాయి. నైరుతి సరిగా పడలేదు. మాకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యంతో వస్తుంది, అక్టోబరు కూడా ఎండగానే పోయింది. రాయలసీమలో పలు మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. మా చెరువు అడుగంతా నెర్రెలిచ్చింది. ఆ నేల మీద నడవడం తేలిక కాబట్టి, దారి వెయ్యడానికి అదే మంచి సమయమని అనుకున్నాను. కొత్త లేఔటులో ఉండేవాళ్లం కొందరం చందాలు వేసుకున్నాం. పంచాయతీని అడగలేదు, నీటి సంఘాన్ని అడగలేదు. గొర్రెలు తిరిగే బాట వెంట కంప చెట్లు కొట్టించాం. దారి తేలిగ్గానే కుదిరింది. ఒక్కచోట తప్ప. అక్కడ వంక అడ్డం వచ్చింది.

వంక అంటే పైనున్న గుట్టల మీదా బీళ్ల మీదా పడిన వాన చెరువులోకి వచ్చే దారి. ఎండినప్పుడు చూస్తే అందులో ఏమీ ఉండదు. ఇసక, రెండు పక్కలా సీమతుమ్మ, ఒక మనిషి లోతు. దిగి ఎక్కాలి. నా భార్యలాంటి వాళ్లకు ఆ దిగడం ఎక్కడం కష్టం. అందుకని రెండు సిమెంటు పైపులు పరిచి, పైన రాళ్లు పేర్చి, మట్టి పోసి దారి సమం చెయ్యాలనుకున్నాం. ట్రాక్టరు వచ్చింది.

ఆ రోజు మా ఊరి నీరుగంటి అక్కడికి వచ్చాడు. చెరువు తూము ఎత్తేదీ దించేదీ, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు పెట్టాలో చూసేదీ ఆయనే. ఆయన తండ్రి కూడా నీరుగంటే. కోతలప్పుడు ఆయకట్టు రైతులు కొలిచే గింజలే ఆయన జీతం. నా భార్య ఆ ఊరి ఆడపడుచు కాబట్టి నన్ను అల్లుడంటాడు, నేను మామా అంటాను.

"ఏంది అల్లుడూ ఇది?" అన్నాడు.

"నడిచేదానికి దావ మామా. చెరువు చుట్టూ ఒక రౌండు కొట్టొచ్చు."

"వంకకు అడ్డం ఎయ్యగూడదు."

"అడ్డం కాదు మామా. కింద పైపులుండాయి, నీళ్లు దాంట్లోంచి పోతాయి."

ఆయన పైపు దగ్గర గొంతుక్కూచుని లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. భుజం దాకా పెట్టి, బయటికి తీశాడు.

"నీళ్లు పోతాయి. కంప పోతాదా?"

ఏడాదిగా సరైన వాన లేదు, ఎక్కడి కంప అన్నాను. "ఒక్క రాత్రి చాలు. మొన్న ఇరవై ఒకటిలో చూసినాం గదా" అన్నాడు. 2021 నవంబరులో నేను ఆ ఊళ్లో లేను. ఆ వానలకు స్వర్ణముఖి పొంగడం, రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడి కింద ఊళ్లను ఖాళీ చేయించడం టీవీలో చూశాను. టీవీలో చూసినదాన్ని తెలిసినట్టే లెక్కేసుకున్నాను. ఫోన్ తీసి బెంగళూరు చెరువు ఫొటోలు ఆయనకు చూపించాను. చుట్టూ బాట, బెంచీలు, పూల మొక్కలు. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"దీనికి తూము యాడుండాది?"

నాకు తెలియదు. ఆ ప్రశ్న అడగాలని కూడా నాకు ఎప్పుడూ తోచలేదు. అయినా ఆయన మాటను పెద్దవయసు భయం కింద కొట్టేశాను. చుట్టూ ఉన్న మా లేఔటు మిత్రులు కూడా నా వైపే ఉన్నారు, చదువుకున్నవాడు చెప్తున్నాడు కదా అన్నట్టు. ఆయన ఇంకేమీ అనలేదు. వెళ్లిపోయాడు. మేం పని కానిచ్చాం. పనిలో లోపం ఉండకూడదని రాళ్ల సందుల్లో చిల్లరాళ్లు కొట్టించి, పైన మట్టిని నీళ్లు పోసి గట్టిగా దిమ్మిస చేయించాను. అంత బాగా చేయించడమే తర్వాత ప్రాణం మీదికి వచ్చింది.

డిసెంబరు మొదటివారంలో మిచాంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీన అది బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకు ముందే తిరుపతి, నెల్లూరు జిల్లాల మీద వాన దంచికొట్టింది. కరెంటు పోయింది. రాత్రంతా చినుకు తెరిపి ఇవ్వలేదు. కరువు ఏడాదిలో ఆ చప్పుడు వింటూ నేను సంతోషపడ్డాను, పొద్దున్నే చెరువు నిండి ఉంటుందని.

తెల్లారి గొడుగు వేసుకుని వెళ్లాను. కట్ట మీదినుంచి చూస్తే చెరువులోకి నీళ్లు వస్తున్నాయి, కానీ రావాల్సినంత జోరు లేదు. వంక దగ్గరికి వెళ్తే విషయం తెలిసింది. రెండు పైపుల నోళ్లూ మూసుకుపోయాయి. తుమ్మకంప, కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ సంచులు, ఎవరిదో తెగిన డ్రిప్ పైపు, అన్నీ మెలికపడి నోటికి అడ్డం పడ్డాయి. మేం కొట్టించి వంక గట్టున పడేసిన కంప కూడా అందులో ఉంది. వెనక నీళ్లు ఎత్తుకున్నాయి. మేం వేసిన దారి చెక్కు చెదరలేదు. అది తెగి ఉంటే ఏ నష్టమూ ఉండేది కాదు. తెగలేదు కాబట్టి నీళ్లు ఎడమ గట్టు తక్కువగా ఉన్నచోట ఒరుసుకుని పక్క చేలోకి దిగాయి. అది వేరుశనగ చేను, బోరు కింద విత్తనం వేసి మొలకలు వచ్చిన చేను. నీళ్లు దాని మీదుగా పోయి కిందెక్కడో ఇంకో పల్లంలోకి దిగుతున్నాయి, చెరువులోకి కాదు.

నీరుగంటి అప్పటికే అక్కడున్నాడు. ఊళ్లో కుర్రవాళ్లను పిలుచుకొచ్చాడు. పారలు, గడ్డపారలు పట్టుకుని మా దిమ్మిస మట్టిని తవ్వుతున్నారు. నేనూ ఒక పార తీసుకున్నాను. నాకు చేతకాలేదు. మధ్యాహ్నానికి దారి తెగి, నీళ్లు ఒక్కసారిగా చెరువు వైపు పోయాయి. అప్పటికి చేను మీద ఇసక మేటలు వేసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "కాళ్లు జాగర్త అల్లుడూ, రాళ్లు దొర్లతాయి" అన్నాడు, అంతే.

వాన తగ్గిన రోజు ఆ చేను కౌలుకు చేసుకుంటున్న ఆమె వచ్చింది. కోపంగా అరుస్తుందని ఎదురుచూశాను. అరవలేదు. చేతిలో ఇసక ఎత్తి చూసి వదిలేసింది. తర్వాత మేం వేసిన దారి వైపు చూసి అడిగింది.

"ఎవురు నడిచేదానికి అన్నా ఈ దావ?"

"మేమే అమ్మా. ఊళ్లోవాళ్లందరికీ పనికొస్తుందని..."

"మేం నడస్తానే ఉంటిమి గదా. వంకలో దిగి ఎక్కి."

ఆ మాట నిజం. ఆమె రోజూ ఆ వంకలో దిగి అవతల చేనికి పోయేది. గొర్రెలవాళ్లు పోయేవాళ్లు, బడి పిల్లలు పోయేవాళ్లు. వంకలో నీళ్లున్న రోజుల్లో ఆగేవాళ్లు, లేదా కట్ట మీదుగా చుట్టి వచ్చేవాళ్లు. అక్కడ దారి లేదని నేను అనుకున్నది, నడిచేవాళ్ల కాళ్ల వైపు ఎప్పుడూ చూడలేదు కాబట్టి. విత్తనం ఖర్చు, దుక్కి ఖర్చు, ఇసక ఎత్తించిన కూలి నా చేతి నుంచి ఇచ్చాను. ఆ కారు పంటను మాత్రం ఇవ్వలేకపోయాను. కౌలు ఆమె కట్టాల్సిందే కట్టింది.

ఆ తర్వాత చాలా రోజులు నేను చెరువు వైపు వెళ్లలేదు. ఇంట్లో కూర్చుని చదివాను. మొదట చదవాల్సినవి అప్పుడు చదివాను. పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి మన వైపు చాలామంది విని ఉంటారు. 1369లో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కడప సీమలో ఆ చెరువు కట్టించి వేయించిన శాసనం అది. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రాళ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని అందులో చెక్కారు. కట్ట నుంచి నీరు కారడం ఒక దోషం. చవుడు నేల ఒక దోషం. చెరువు మధ్యలో మెట్ట ఉండడం, నీళ్లు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, ఇవి మిగతావి. పన్నెండు అంగాల్లో మొదటిది ధర్మం తెలిసిన, సంపద ఉన్న రాజు. రెండోది జలశాస్త్రం తెలిసిన మనిషి. అది చదివినప్పుడు పుస్తకం మూసి బయటికి వచ్చాను. మా చెరువుకు ఆ రెండో అంగం ఉంది. పైపులో భుజం దాకా చెయ్యి పెట్టి, కంప పోతాదా అని అడిగి వెళ్లిపోయింది ఆ మనిషే.

ఇంకొకటి ఒప్పుకోవాలి, అది దీనికంటే బరువైనది. తిరుపతి వాళ్లకు పేరూరు, అవిలాల చెరువుల కేసు తెలుసు. ఆ చెరువుల భూముల్ని ఇళ్ల కోసం ఇచ్చేస్తే, ఇంటలెక్చువల్స్ ఫోరం అనే సంస్థ కోర్టుకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చెరువుల్లాంటి సహజ వనరులు ప్రజల తరఫున ప్రభుత్వం కాపలా కాయాల్సిన ఆస్తి అని అందులో స్పష్టంగా చెప్పింది. ఆ రెండు చెరువుల్లోనూ ఇకమీదట కట్టడాలు వద్దంది. ఆ తీర్పు గురించి నేను మా లేఔటు సమావేశాల్లో మాట్లాడేవాణ్ణి. చెరువులు ఆక్రమించేవాళ్లను అందరి ముందూ తిట్టేవాణ్ణి. తుపాను తర్వాత ఆ తీర్పును మళ్లీ మొదటినుంచీ చదివాను. పేరూరు చెరువుకు నీళ్లు తెచ్చే వంకను శుభ్రం చేసి మళ్లీ పారించాలని, నీళ్లు తేలిగ్గా పారేందుకు దారిలో ఉన్న ఒక చిన్న చెక్‌డ్యామును తీసెయ్యాలని కూడా అందులో ఉంది. దేశంలో అతి పెద్ద కోర్టు మా పక్క ఊరి వంకకు అడ్డం తీసెయ్యమని చెప్పిన పదిహేడేళ్లకు, ఆ తీర్పు చెప్పుకుని తిరిగే నేను మా ఊరి వంకకు అడ్డం వేశాను. ఆక్రమణ అంటే ఇళ్లు కట్టడమే అనుకున్నాను. మంచి ఉద్దేశంతో వేసిన నడక దారి కూడా వంకకు ఆక్రమణే అవుతుందని నాకు తట్టలేదు.

నా తప్పు ఆ ఒక్క దారితో ఆగలేదు. అంతకుముందే కట్ట మీద నీడ కోసం తురాయి మొక్కలు నాటించాను. ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక బంధువు చూసి వెంటనే పీకించమన్నాడు. మట్టి కట్టలోకి వేళ్లు దిగుతాయి. చెట్టు చచ్చినా, కొట్టేసినా ఆ వేళ్లు లోపలే కుళ్లి బొరియలు మిగులుతాయి. నిండు చెరువు నీళ్లు ఆ బొరియల్లోంచి ఊరడం మొదలుపెడతాయి, ఊరేటప్పుడు మట్టిని కూడా మోసుకొస్తాయి, బొరియ పెద్దదవుతుంది. కట్ట తెగేది చాలాసార్లు అలాగే. పైన పొర్లిన నీళ్లు అందరికీ కనిపిస్తాయి, లోపల ఊరే నీళ్లు నీరుగంటికే కనిపిస్తాయి. కట్ట బయటివైపు గడ్డి పచ్చగా, తడిగా ఎక్కడుందో ఆయన రోజూ చూసుకుంటూ పోతాడు. నేను ఆ పచ్చదనాన్ని ఫొటో తీసుకునేవాణ్ణి. తురాయి మొక్కల్ని తీసి బడి ఆవరణలో నాటాం.

ఇంకా ముందు, మొదటి ఏడాది, ఫిబ్రవరిలో తూము ఎత్తి నీళ్లు వదులుతుంటే నాకు బాధేసేది. ఇంత అందమైన నీళ్లు పోతున్నాయే, ఇంకొన్నాళ్లు ఆపితే బాగుండు అని ఒకరిద్దరితో అన్నాను కూడా. ఆ నీళ్లతోనే కింద వరి పొట్టకొస్తోంది. చెరువు ఎండడం దానికి వచ్చిన జబ్బు కాదు. మళ్లకు నీళ్లిచ్చి తగ్గుతుంది, ఊరి బావుల్లోకీ బోర్లలోకీ ఇంకి తగ్గుతుంది, ఎండాకాలం రైతులు ఆ ఒండ్రుమట్టినే తోలుకుపోయి పొలాలకు వేసుకుంటారు, పశువులు ఆ అడుగున మొలిచిన గడ్డి మేస్తాయి. నీళ్లు కనిపించే నెలలే చెరువు అనుకున్నవాణ్ణి, నీళ్లు కనిపించని నెలల్లో దాని మీద దారి వేశాను.

ఇప్పుడు మళ్లీ నడుస్తున్నాను. కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు, మొరవ దగ్గర ఆగి, వచ్చిన దారినే వెనక్కి. పోయేటప్పుడు ఎడమవైపు నీళ్లు, కుడివైపు మళ్లు. వచ్చేటప్పుడు అటూ ఇటూ మారతాయి, ఎండ మారుతుంది, పోయేటప్పుడు చూడనివి కనిపిస్తాయి. మోకాళ్లకు ఇంతకంటే సులువైన నడక మా వైపు ఇంకొకటి లేదు. తిరుపతి నుంచి వచ్చేవాళ్లు కాళహస్తి బస్సెక్కి ఏర్పేడులో దిగితే చాలు, చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ఒక చెరువు కట్ట దొరుకుతుంది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా రండి. పొద్దున ఎండ ముదరకముందే రండి. కట్ట మీద నడవండి, రాతి పరుపు మీదికి దిగకండి, తడిసిన రాళ్లు జారతాయి. చెరువు అడుగున మట్టి తవ్విన గుంతలు నీళ్ల కింద కనిపించవు, పిల్లల్ని నీళ్లలో దించకండి. నాట్లప్పుడు మడి గట్ల మీద నడిస్తే గట్టు తెగి నీళ్లు పోతాయి, ఆ పని రైతుకు మళ్లీ మొదటికొస్తుంది. మార్చి తర్వాత ఎండిన చెరువులో నడిచేవాళ్లు కింద చూసి అడుగెయ్యాలి. తీతువు పిట్ట గూడు కట్టదు, నేల మీద చిన్న గుంటలో గులకరాళ్ల నడుమ గుడ్లు పెడుతుంది. గుడ్ల మీద మచ్చలు ఆ రాళ్ల రంగులోనే ఉంటాయి. తల మీద తిరుగుతూ అరిచిందంటే మీరు గుడ్ల దగ్గరున్నారని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లమని. తెచ్చుకున్న ప్లాస్టిక్ కవర్లు మీతోనే తీసుకుపోండి. వంక నోటికి అడ్డం పడినవాటిలో నేను చేత్తో తీసినవి ఎక్కువ అవే.

మీ ఊరి చెరువుకు చుట్టూ ట్రాకు వేద్దామని ఎవరైనా చందా పుస్తకం పట్టుకుని వస్తే, డబ్బులిచ్చే ముందు వాళ్లను వెంటబెట్టుకుని వంక చెరువులో కలిసే చోటి దాకా నడవండి. నీరుగంటిని కూడా పిలవండి. ఆయన వద్దంటే మానుకోండి.